ముప్పై మీటర్లు

"మంచుకొండలు ఎప్పుడొస్తాయమ్మా?" అని విశ్వనాథంగారు అడిగేసరికి మనోజ్ఞకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. జూన్ నెల. జర్మనీ ఉత్తర తీరంలోని కుక్స్‌హాఫెన్ రేవు వదిలి చాలాసేపయింది. ఓడ డెక్ మీద జర్మన్లు చొక్కాలు విప్పేసి ఎండ కాగుతున్నారు. ఆయన మాత్రం కోటు, దాని మీద మఫ్లర్, మంకీ టోపీ, మెడలో కొడుకు కొనిపెట్టిన బైనాక్యులర్స్‌తో ఉత్తర దిక్కుకేసి చూస్తూ కూర్చున్నారు.

తప్పు ఆయనది కాదు, ఆయన కొడుకు సుజిత్ వేసిన పోస్టర్‌ది. హెల్గోలాండ్ దీవికి గైడుతో నాలుగు రోజుల టూర్ అని ఆఫీసు తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఒక పక్క తోకెత్తిన తిమింగలం, ఇంకో పక్క నీలంగా మెరిసే మంచుకొండ, రెంటి మధ్యా బొటనవేలంత హెల్గోలాండ్. ఎక్కడివో బొమ్మలు తెచ్చి అతికించాడు. ఇదేమిటండీ అని అడిగే నాథుడు లేడు. సుజిత్ టీమ్ లీడ్. గ్రూపులో సగంమంది అతని కింద పనిచేసేవాళ్ళే, మనోజ్ఞ భర్త విశ్వతేజతో సహా. విశ్వతేజ ఇంకా ప్రొబేషన్‌లో ఉన్నాడు. ఉద్యోగం ఖాయమవుతుందో లేదో సోమవారం తేలుతుంది.

"ఇక్కడ మంచుకొండలు ఉండవంకుల్. పక్షులుంటాయి, సీల్స్ ఉంటాయి. అదృష్టం బాగుంటే చిన్న తిమింగలాలు కనిపిస్తాయట."

"ఎంత చిన్నవి?"

"మనిషంత."

"మనిషంత ఉంటే చేప అంటారు గానీ తిమింగలం అని ఎవరంటారమ్మా? ఆ ముసలావిణ్ణి అడుగు, మమ్మల్ని వెర్రివెంగళప్పలనుకుందా అని."

ముసలావిడంటే గైడ్ ఫ్రావ్ హాన్సెన్. అరవై దాటి ఉంటాయి. ఉప్పుగాలికి మొహం ఎండు ఉసిరికాయలా ముడుచుకుపోయింది. ఇంగ్లీషు ముక్క రాదు. ఇంగ్లీషు వచ్చిన గైడు దొరకలేదా అని ఎవరో అడిగితే "మన మనోజ్ఞ ఉందిగా" అన్నాడట సుజిత్. ఆవిడ రెయిలింగ్ దగ్గర్నుంచి తిరిగి, పెద్దాయన ఏమంటున్నాడని మనోజ్ఞని అడిగింది.

"తిమింగలాలంటే చిన్నప్పటినుంచీ చాలా ఇష్టమట ఆయనకి," అంది మనోజ్ఞ జర్మన్‌లో.

ఫ్రావ్ హాన్సెన్ మొహం వికసించింది. అదిగో అని వేలు చూపించింది. నల్లటి వీపొకటి నీళ్ళలోంచి లేచి, గుండ్రంగా తిరిగి, మళ్ళీ మునిగిపోయింది. చూసినవాళ్ళు చూశారు. సుజిత్ ఫోన్ తీసేసరికి ఏమీ లేదు.

ఇదీ మనోజ్ఞ పని. బ్రెమెన్‌లో ఆమె ఒక కీటాలో, అంటే శిశుసంరక్షణ కేంద్రంలో, పసిపిల్లల్ని చూసుకుంటుంది. జర్మన్ గట్టిగా వచ్చినందుకు జీతంలేని కొలువొకటి మెడకి చుట్టుకుంది. ఎవరికి ఏ టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, దొరికినా ఆమెని వెంటబెట్టుకుపోతారు. పంటి డాక్టరు దగ్గర ఒకావిడ "వీడికి చేతకాదు, ఇంకొకణ్ణి చూద్దాం" అంటే ఆమె "రెండో అభిప్రాయం తీసుకోవాలనుకుంటున్నారు" అని చెప్పేది. అద్దె ఇంటి యజమాని "మీ వంట కంపు మెట్లమీదికొస్తోంది" అంటే "కిటికీ కాస్త తెరుచుకోమంటున్నారండీ" అనేది. పాము చావకుండా, కర్ర విరగకుండా. ఇరువైపులవాళ్ళూ నవ్వుకుంటూ విడిపోయేవారు. మనోజ్ఞ ఉంటే మాట మీదికి రాదని పేరు. ఆ పేరంటే ఆమెకి గర్వమే.

హెల్గోలాండ్ దగ్గర ఓడ సముద్రంలోనే ఆగింది. అక్కడినుంచి ఒడ్డుకి కొయ్యపడవలు. ఇద్దరు బలమైన పడవవాళ్ళు ఒక్కొక్క మనిషినీ చంకల కింద పట్టుకుని, అల పడవని పైకెత్తిన క్షణం చూసి, లోపలికి దింపుతున్నారు. పట్టు వదిలెయ్యాలి, లేకపోతే చెయ్యి నలుగుతుంది. విశ్వనాథంగారు రెయిలింగ్‌ని కరుచుకుని వదల్లేదు. "వదులు, చెయ్యి వదులు" అని ఫ్రావ్ హాన్సెన్ కింద పడవలోంచి అరిచింది. పడవవాళ్ళు ఆయన్ని బియ్యంబస్తాలా ఎత్తి బెంచీ మీద పెట్టారు.

ఆయన టోపీ సర్దుకున్నారు. "గొడ్లని తోలినట్టు తోలుతోందేంటమ్మా ఇది? సూపరింటెండింగ్ ఇంజనీరుగా రిటైరైనవాణ్ణి. నా మీద అరవడానికి ఇదెవత్తి?"

"ఏమంటున్నాడు?" అంది ఫ్రావ్ హాన్సెన్.

"మీకు చాలా అనుభవం ఉందంటున్నారు."

ఆవిడ నవ్వి ఆయన మోకాలి మీద తట్టింది. ఆయన మోకాలు పక్కకి లాక్కున్నారు. మనోజ్ఞ నాలుక మీద ఏదో జిడ్డు పేరుకున్నట్టయింది. మంచినీళ్ళు తాగినా పోలేదు.

మర్నాడు పొద్దున్న కొండ అంచుకి వెళ్ళారు. పక్షుల కంటే ముందు వాసన ఎదురొచ్చింది. వేల పక్షుల రెట్ట, కుళ్ళిన చేప, దాని మీద కాగుతున్న ఎండ. ఎర్రటి రాతికొండ పొడుగునా తెల్లటి గానెట్ పక్షులు, తాడు కట్టిన కంచెకి అవతల చెయ్యి చాస్తే అందేంత దగ్గర, గూళ్ళ మీద కూర్చుని కొట్లాడుకుంటున్నాయి. ఆ గూళ్ళు గడ్డితో కట్టినవి కావు. నారింజరంగువి, పచ్చవి, చేపలవలల ప్లాస్టిక్ దారాలు. ఒక గూటి కింద, మెడకి దారం చుట్టుకుని ఒక పక్షి వేలాడుతోంది. చచ్చి చాలా రోజులై ఉంటుంది, గాలికి అటూ ఇటూ ఊగుతోంది. దాని పైనే ఇంకో పక్షి తన పిల్ల నోట్లో చేప కుక్కుతోంది.

"అయ్యో, ఛీ ఛీ," అని విశ్వనాథంగారి భార్య జయలక్ష్మిగారు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. సుజిత్ ఆ చచ్చిన పక్షి వెనకాల కనపడేటట్టుగా నిలబడి సెల్ఫీ తీసుకున్నాడు. "లైటింగ్ సూపర్ ఉంది, రండి రండి," అని అందర్నీ పిలిచాడు. అందరూ వెళ్ళారు. విశ్వతేజ కూడా వెళ్ళి, బాసు భుజం పక్కన పళ్ళికిలించాడు. మనోజ్ఞకి అసహ్యమేసింది. మొగుడి పళ్ళు చూసి అసహ్యపడాల్సిన రోజొస్తుందని ఆమె అనుకోలేదు.

విశ్వనాథంగారు కమలాపండు వొలుచుకుని తొక్కలు కంచె అవతలికి విసిరారు. ఫ్రావ్ హాన్సెన్ వచ్చి, తొక్కలకేసీ ఆయనకేసీ మార్చి మార్చి చూసింది. "ఇది తన ఇంటి చెత్తబుట్ట అనుకుంటున్నాడా? అడుగు."

"అంకుల్, తొక్కలు నాకివ్వండి, నేను పడేస్తాను."

ఆయన మిగతా తొక్కలు ఆమె చేతిలో పెట్టారు. ఆమె కోటు జేబులో వేసుకుంది. అందులో అప్పటికే పొద్దుటి టిష్యూ కాగితాలు, సుజిత్ కూతురు తన్వి ఉమ్మిన చూయింగ్ గమ్ ఉన్నాయి. జేబు లోపలంతా తడితడిగా అయింది.

మధ్యాహ్నం మిగతావాళ్ళు హోటల్లో పులిహోర డబ్బాలు విప్పుకుంటూంటే ఫ్రావ్ హాన్సెన్ మనోజ్ఞని బయట బెంచీ మీదికి పిలిచింది. ఫ్లాస్కులోంచి కాఫీ పోసిచ్చింది. కోటుకి గుచ్చుకున్న ఆకుపచ్చ బిళ్ళ చూపించింది. అది ఉంటేనే పక్కనున్న ఇసుకదీవికి గుంపుల్ని తీసుకెళ్ళనిస్తారు.

"రేపు అక్కడికే. సీల్స్ పిల్లల్ని పెట్టాయి. కిందటేడు నా గుంపులో ఒకడు దగ్గరకి పోయాడు. ఇంకొక్కసారి అలాంటిది జరిగితే ఇది పీకేస్తారు." ఆవిడ బిళ్ళని బొటనవేలితో తుడిచింది. "మా ఆయన పోయాక ఉన్నదల్లా ఇదే. ఇది లేకపోతే కుక్స్‌హాఫెన్‌లో కిటికీ పక్కన కూర్చుని అల్లికలు అల్లుకోవాలి. నాకు అల్లిక రాదు."

మనోజ్ఞ నవ్వింది. ఈ మనిషి ఆమెకి నచ్చింది.

"నా గొంతు కరుకని నాకు తెలుసు," అంది ఆవిడ. "రేపు నేను చెప్పేది మాత్రం ఆ కరుకుతోనే చెప్పు. సరేనా?"

"అలాగే," అంది మనోజ్ఞ.

ఇసుకదీవికి చిన్న పడవ. ఇంజను పెట్టకముందే ఫ్రావ్ హాన్సెన్ మధ్యలో లేచి నిలబడింది. వెనకాల గాలి కొడుతోంటే కాళ్ళు వెడల్పుగా పెట్టి ఒక్కో మాటా మేకు కొట్టినట్టు చెప్పింది.

"ముప్పై మీటర్లు. మూడు బస్సులు వరసగా నిలబెట్టినంత దూరం. పిల్ల ఒంటరిగా కనపడితే అది ఒంటరిది కాదు, తల్లి నీళ్ళలోంచి చూస్తూంటుంది. మనిషి దగ్గరకెళ్తే తల్లి వెళ్ళిపోతుంది, ఇక రాదు. పిల్ల ఆకలికి చస్తుంది. ఇది విన్నపం కాదు. దాటినవాళ్ళు ఇదే పడవలో వెనక్కి పోతారు. పిల్లలకే కాదు, పెద్దమనుషులకీ చెప్తున్నాను. ముఖ్యంగా పెద్దమనుషులకి." ఆఖరి మాట విశ్వనాథంగారి మొహంలోకి చూసి అంది.

అందరూ మనోజ్ఞకేసి తిరిగారు. సుజిత్ ఫోన్ ఎత్తి ఆమె చెప్పేది వీడియో తియ్యడం మొదలుపెట్టాడు. అతని పక్కన విశ్వతేజ కళ్ళతోనే బతిమాలుతున్నాడు, జాగ్రత్త మనూ అని. విశ్వనాథంగారు గడ్డం ఎత్తి, ఏమందట ఈసారి అన్నట్టు చూస్తున్నారు. మొన్నటి బస్తా అవమానం ఆయన మొహంలో ఇంకా ఆరలేదు. కొడుకు ముందు, కొడుకు కింద పనిచేసేవాళ్ళ ముందు, ఆయన్ని వెనక్కి పంపిస్తామని చెప్పాలి. మనోజ్ఞ అడకత్తెరలో పోకచెక్క అయింది.

"అక్కడ సీల్ పిల్లలున్నాయటండీ," అంది నవ్వుతూ. "పాపం, మనల్ని చూస్తే భయపడతాయట. మనం కాస్త దూరంగా ఉండి చూద్దాం. ఏం అంకుల్?"

"దానికేం భాగ్యం, చూద్దాం," అన్నారాయన ప్రసన్నంగా.

"అంత తొందరగా అయిపోయిందా?" అంది ఫ్రావ్ హాన్సెన్.

"మా భాషలో క్లుప్తంగా చెప్పొచ్చు."

ఆవిడ ఒక క్షణం ఆమెని చూసి, తల ఊపి, ఇంజనువాడికి సైగ చేసింది.

దీవిలో తెల్లటి ఇసుక. ఫ్రావ్ హాన్సెన్ సగంమందిని రాళ్ళ వెనక్కి తీసుకెళ్ళి ఏవో గుడ్లు చూపిస్తోంది. మనోజ్ఞ ఆవిడ పక్కనే నిలబడి, ఇసుకరంగులో కలిసిపోయిన ఆ గుడ్లని అందరికీ వివరిస్తోంది. అప్పుడు ఏడుపు వినిపించింది. పసిపిల్ల ఏడుపు. కీటాలో రోజూ వినేదే కాబట్టి మనోజ్ఞ తన్వి పడిపోయిందనుకుని పరుగెత్తింది.

ఏడుస్తున్నది తన్వి కాదు. ఒడ్డున బూడిదరంగు సీల్ పిల్ల, కళ్ళు మాత్రం నల్లద్రాక్షల్లా ఉన్నాయి, తల ఎత్తి అరుస్తోంది. విశ్వనాథంగారు దాని పక్కన గొంతుక్కూచుని, లేగదూడని నిమిరినట్టు వీపు నిమురుతున్నారు. రెండో చేత్తో తన్విని పట్టుకుని దగ్గరకి లాగుతున్నారు. "నైన్ తాతా, నైన్, ఇష్ విల్ నిష్ట్," అని, నాకొద్దంటూ ఆ పిల్ల వెనక్కి గింజుకుంటోంది. సుజిత్ ఫోన్ పట్టుకుని చుట్టూ తిరుగుతున్నాడు. "తన్వీ, స్మైల్. నాన్నా, కొంచెం లెఫ్ట్‌కి. మొహం కవరవట్లేదు." జయలక్ష్మిగారు హ్యాండ్‌బ్యాగులోంచి కొబ్బరుండ తీసి పిల్ల మూతి దగ్గర ఇసుకలో పెట్టారు. "పాపం, ఆకలేస్తోందేమో. నోరులేని జీవం, పుణ్యమొస్తుంది."

నీళ్ళలో, అల తెల్లగా విరిగే చోట, ఒక గుండ్రటి తల తేలి ఉంది. ఇటే చూస్తోంది. మనోజ్ఞ చూస్తూండగానే అది మునిగింది. మళ్ళీ ఎక్కడా లేవలేదు.

ఫ్రావ్ హాన్సెన్ ఇసుకలో పరుగెత్తుకొచ్చింది. మధ్యలో పడి లేచింది. ఆవిడ అరుపులకి అవతల కాపలా గుడిసెలోంచి రేంజర్ వచ్చాడు. నలభై ఏళ్ళ పొడుగాటి మనిషి. అందర్నీ వెనక్కి పంపి, పిల్ల చుట్టూ దూరంగా తాడు కట్టించి, అప్పుడు సుజిత్ దగ్గరకొచ్చి ఇంగ్లీషులో అడిగాడు. ముప్పై మీటర్ల సంగతి మీకు చెప్పారా?

"నో," అన్నాడు సుజిత్. "నోబడీ టోల్డ్ అస్. కావాలంటే వీడియో ఉంది, చూడండి."

ఫ్రావ్ హాన్సెన్‌కి ఇంగ్లీషు రాదు. మోచేతుల ఇసుక దులుపుకుంటూ మనోజ్ఞని అడిగింది. "ఏమన్నాడు?"

మనోజ్ఞ నోరు తెరిచింది. అలవాటైన దారి ఒకటి నాలుకకి ఉంది, నాలుక ఆ దారినే పోయింది. "క్షమించమంటున్నాడు."

"హమ్మయ్య," అంది ఆవిడ. "అదైనా తెలిసింది మనిషికి." అప్పుడే రేంజర్ వచ్చి జర్మన్‌లో అసలు మాట చెప్పాడు. గుంపుకి ఎవరూ ఏమీ చెప్పలేదంటున్నారు, రేపు ఓడ ఎక్కేముందు రేవులో అందరితోనూ మాట్లాడతాను, అప్పటిదాకా బిళ్ళ ఇలా ఇవ్వండి. ఫ్రావ్ హాన్సెన్ బిళ్ళ తీస్తూ మనోజ్ఞని చూసింది. కోటు మీద బిళ్ళ ఉన్నచోట గుడ్డ వెలిసిపోకుండా కొత్తగా ఉంది.

సాయంత్రం హోటల్లో సుజిత్ అందర్నీ కూర్చోబెట్టాడు. "రేపు ఎవర్నడిగినా ఒకటే మాట. మాకెవరూ చెప్పలేదు, అంతే. ఇక్కడే ఉండిపోడానికి పెట్టిన నా నీడర్‌లాసుంగ్ అప్లికేషన్ లోపలుంది, పేరు ఎక్కడా రాకూడదు. ఆ గైడు సంగతి ఆవిడ చూసుకుంటుంది. ఏం తేజా?"

"యా, ష్యూర్," అన్నాడు విశ్వతేజ. గదిలోకొచ్చాక మనోజ్ఞ చెయ్యి పట్టుకున్నాడు. "మనూ, సోమవారం దాకా సైలెంట్‌గా ఉండు. ప్లీజ్. ఆవిడెవరో మనకెందుకు?"

మనోజ్ఞ చెయ్యి విడిపించుకుని కిందికొచ్చేసింది. అందరి మీదా కంపరం పుడుతోంది. ఫోన్ పట్టుకుని తిరిగే ఆ సుజిత్ మీద, పళ్ళికిలించే మొగుడి మీద, కొబ్బరుండల పుణ్యం మీద, అన్నిటికంటే ఆ గడ్డమెత్తిన ముసలాయన మీద. చెప్పినా వినేవాడా, అనుకుంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే కదా.

విశ్వనాథంగారు లాంజిలో ఒంటరిగా కూర్చుని ఉన్నారు. ముందున్న పెరుగన్నం ముట్టుకోలేదు. చేతులు ఒకదానితో ఒకటి రుద్దుకుంటున్నారు, సబ్బు పెట్టి కడిగినా ఏదో వదలనట్టు.

"తల్లి వచ్చిందటమ్మా?"

"తెలీదంకుల్."

"నిజంగానే మనకెవరూ చెప్పలేదు కదా," అన్నారాయన. ఆ గొంతులో దబాయింపు లేదు. "దూరంగా ఉండమన్నావు. దూరమంటే ఎంతని? నాలుగడుగులు కూడా దూరమే. రేంజర్ ముప్పై మీటర్లన్నాడట, సుజిత్ చెప్పాడు. ఆ మాట ముందే చెప్తే నేను ముప్పైయ్యో మీటరు మీద కాలు పెడతానా? నలభై ఏళ్ళు ఇరిగేషన్‌లో చేశానమ్మా. డ్యామ్ స్పిల్‌వే దగ్గర గీత గీస్తే గీతే. మంత్రిగారు ఫొటోకని దాటబోతే చెయ్యి అడ్డం పెట్టి ఆపాను, దానికి ట్రాన్స్‌ఫర్ కూడా అయ్యాను. కొలత చెప్పకుండా పాపం అంటే, పాపం కదా అని ముద్దుచేశాను."

మనోజ్ఞ ఎదురుకుర్చీలో కూర్చుంది. కొలత ఇస్తే ఆగిపోయే మనిషి. మూడు రోజులుగా ఆయన అహానికి దెబ్బ తగలకుండా దూదిలో చుట్టి తిప్పింది తను. ఆయన వినడని తీర్మానించిందీ తనే. మర్యాద అని పేరు పెట్టుకుంది గానీ, లోపల ఉన్నది చులకన. అటు ఆవిడ కరుకునీ ఇటు ఆయన పొగరునీ ఎవరికీ చూపించకుండా మధ్యలో మింగింది, ఇప్పుడది ఎవరి మీద కక్కాలో తెలియక అందరి మీదా అసహ్యపడుతోంది. చేతులు జేబులో పెట్టుకుంది. కమలాతొక్కలు మెత్తగా చివికి వేళ్ళకి అంటుకున్నాయి. వాసన ముక్కుకి కొట్టింది.

పొద్దున్న రేవులో రేంజర్ బల్ల వేసుకుని కూర్చున్నాడు. రేవు ఆ చివర, ఓడకి ఎక్కించాల్సిన సామాన్ల దగ్గర, చిల్లులున్న పెద్ద ప్లాస్టిక్ పెట్టె ఉంది. అందులోంచి ఏడుపొస్తోంది. తల్లి రాలేదు. సీల్స్‌ని సాకే కేంద్రానికి పంపిస్తున్నారు, బతికితే బతుకుతుంది.

సుజిత్ ముందుకొచ్చి గొంతు సవరించుకున్నాడు. అతను మొదలుపెట్టకముందే మనోజ్ఞ బల్ల దగ్గరకి వెళ్ళింది.

"ఆవిడ చెప్పింది," అంది జర్మన్‌లో. "ముప్పై మీటర్లని, మూడు బస్సులని, దాటితే వెనక్కి పంపిస్తానని చెప్పింది. తల్లి రాదనీ చెప్పింది. నేను తెలుగులో చెప్పలేదు."

"మరి ఏం చెప్పావు?" అన్నాడు రేంజర్.

తన తెలుగుని తనే జర్మన్‌లోకి తిప్పింది, ఒక్క మాట వదలకుండా. పాపం, భయపడతాయట, కాస్త దూరంగా ఉండి చూద్దాం, ఏం అంకుల్. జర్మన్‌లో వింటే అది కీటాలో మూడేళ్ళ పిల్లలతో మాట్లాడే మాటలా ఉంది.

"ఏం చెప్తున్నావ్ మనోజ్ఞా?" అన్నాడు సుజిత్. విశ్వతేజ మొహం పాలిపోయింది. రేంజర్ బిళ్ళ తీసి బల్ల మీద ముందుకి తోశాడు. ఫ్రావ్ హాన్సెన్ దాన్ని వెంటనే తీసుకోలేదు. మనోజ్ఞకి ఎదురుగా వచ్చి నిలబడి, గొంతు పెంచకుండా నాలుగు మాటలంది.

"ఏమందమ్మా?" అన్నారు విశ్వనాథంగారు.

మనోజ్ఞ ఆయనకేసి తిరిగింది. ఈసారి నవ్వలేదు. "నా కరుకుని చూసి నువ్వు సిగ్గుపడ్డావు, అంటోంది. ఆ ముసలాయన్ని మనిషిగా కూడా లెక్కపెట్టలేదు, చెప్తే అర్థమవుతుందని అనుకోలేదు. నీ మంచితనానికి ఆ పెట్టెలోది ఏడుస్తోంది, అంటోంది." అక్కడితో ఆగలేదు. "ఇంకోటి అంకుల్. పడవలోకి దింపిన రోజు గొడ్లని తోలినట్టు తోలుతోందన్నారు. ఆవిడకి చాలా అనుభవం ఉందని మీరు మెచ్చుకున్నట్టు చెప్పాను."

విశ్వనాథంగారికి కోపం వస్తుందనుకుంది. రాలేదు.

"ఇలా చెప్పాలమ్మా," అన్నారు. "నిన్న పడవలో ఇలా చెప్పాలి."

పెట్టెలో ఏడుపు పెరిగింది. ఓడ కోసం ఆగినవాళ్ళు ఒక్కరొక్కరే ఫోన్లు తీసి అటు నడుస్తున్నారు. సుజిత్ కూడా. విశ్వనాథంగారు టోపీ తీసి భార్య చేతిలో పెట్టి, పెట్టె దగ్గర్నుంచి వెనక్కి, కొలతలకి అలవాటుపడిన నడకతో, ఒక్కో అంగా సమానంగా వేస్తూ వచ్చారు. ఆగిన చోట మెడలోంచి మఫ్లర్ తీసి నేలమీద అడ్డంగా పరిచారు. అటు చివర ఎగిరిపోకుండా ఫ్రావ్ హాన్సెన్ ఒక రాయి పెట్టింది. ఆవిడ ఏదో అంది జర్మన్‌లో. ఆయన ఏదో అన్నారు తెలుగులో. తర్జుమా చెయ్యమని ఎవరూ మనోజ్ఞని పిలవలేదు.

"సుజిత్, వెనక్కి," అన్నారాయన చెయ్యి అడ్డం పెట్టి. "ఆ ఫోన్ లోపల పెట్టు."

సుజిత్ ఆగాడు. ఆయన తల తిప్పి, బల్ల దగ్గర్నుంచి ఆ ఏడుపుకేసి రెండడుగులు వేసిన మనోజ్ఞని చూశారు.

"నువ్వు కూడానమ్మా. గీత దాటకు."

ఆమె దాటలేదు.